దజ్జేత్ అన్న మాట

ఆ ఎండాకాలం మద్దమ్మకు వంటపనితో పాటు ఇంకో పని తగులుకుంది. మధ్యాహ్నం అన్నాలయ్యి, గిన్నెలు కడిగి, మామా అని పిలిచే ఇంటి యజమానురాలు నిద్రకు పోగానే మేడమీది గదిలోకి వెళ్లి పెద్ద ఫ్యాను ముందర నల్లగుడ్డ ఎత్తి పట్టుకుని నిలబడాలి. గుడ్డ గాలికి ఎట్లా ఎగురుతుందో, ఎక్కడ మడత పడుతుందో చూసి మామా కూతురు గనీమా బొమ్మ గీసుకుంటుంది. చేతులు లాగుతున్నా దించకూడదు. దించితే గనీమా ఏమీ అనదు. పెన్సిలు కింద పెట్టి ఊరికే చూస్తుంది. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేది.

గనీమాకు ఇరవయ్యారేళ్లు. లండన్‌లో రెండేళ్లు బొమ్మల చదువు చదివి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె వేసేవన్నీ తుఫానులే. గది గోడల నిండా పుస్తకాల్లోంచి చింపిన కాగితాలు అంటించి ఉండేవి. సముద్రం నడుమ నిట్టనిలువుగా లేచిన ఓడ, కొండకొమ్మును చీలుస్తున్న మెరుపు, లోయలోకి విరుచుకుపడుతున్న నల్లనీళ్లు. బయట చూస్తే యాభై డిగ్రీల ఎండ. కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ దేశం మొత్తం మీద ఒక్క ఏరు లేదు. ఏ రాత్రీ నీళ్లు ఇంట్లోకి రానివాళ్లకే ఇట్లాంటివి గోడకు పెట్టుకోబుద్ధవుతుంది అనుకునేది మద్దమ్మ, గుడ్డ పట్టుకుని వాటి వంక చూస్తూ.

ఆమెది అన్నమయ్య జిల్లాలో చెయ్యేటి ఒడ్డు పల్లె. ఐదో తరగతితో బడి మానేసింది. ఇరవై ఏడో ఏట కువైట్‌కు వచ్చి పదకొండేళ్లయింది, ఈ ఇంటికి వచ్చి ఆరేళ్లు. ఈ ఇంట్లో ఆమెకున్న పేరు ఒకటే, నోరు లేనిదని. వచ్చిన చుట్టాలందరికీ మామా ఆ మాట మెచ్చుకోలుగా చెప్పేది. మద్దమ్మ తలవంచుకుని గావా కాఫీ గిన్నెలు సర్దేది.

జూలైలో ఒక మధ్యాహ్నం తోజ్ లేచింది. అక్కడ దుమ్ముగాలిని అట్లా అంటారు. కిటికీ అద్దాలు పసుపు రంగుకు తిరిగాయి, ఎదురింటి గోడ కనిపించకుండా పోయింది. గనీమా కిటికీకి ముఖం ఆనించి సంబరంగా చూసి, మీ ఊళ్లో తుఫాను ఇట్లాగే ఉంటుందా అని అడిగింది. ఆరేళ్లలో ఆ పిల్ల మద్దమ్మను మీ ఊరు అంటూ అడిగింది అదే మొదలు.

ఇది మన్ను, అక్కడ నీళ్లు అని మద్దమ్మ చెప్పింది. అంతటితో ఆపుదామనే అనుకుంది. ఆగలేకపోయింది.

నాలుగేళ్ల కింద చెయ్యేరు పొంగి ఏటికట్ట తెగిన తెల్లవారుజామున ఇంట్లో ఇద్దరే ఉన్నారు. సెలవు మీద వచ్చిన మద్దమ్మ, ఆమె ఆడబిడ్డ చిట్టి. అత్తకు కంటి ఆపరేషనని మద్దమ్మ మొగుడు భీమరాజు ఆమెను రాజంపేటకు తీసుకుపోయాడు. చిట్టి మొగుడు మునీంద్ర కువైట్‌లోనే, మంగఫ్‌లో ఒక కంపెనీ పనిలో ఉన్నాడు. మూడో రోజున చిట్టి ఇసుకలో, కంపచెట్ల నడుమ దొరికింది. నీళ్లు తీసినాక అందరూ అడిగారు. మద్దమ్మ అందరికీ ఒకటే చెప్పింది. శబ్దానికి తాను లేచేసరికే చిట్టి పక్కలో లేదని, భయపడి ఒక్కతే ఎటో పరుగెత్తిపోయిందని. అత్త నమ్మింది. భీమరాజు నమ్మాడు. మునీంద్ర మాత్రం చీకట్లో పెరట్లోకి కూడా వదినను తోడు పిలిచే మనిషి, వదినను లేపకుండా ఒక్కతే ఎట్లా పోయిందని ఫోన్లో ఒకసారి అడిగాడు. ఆ తర్వాత మద్దమ్మతో మాట్లాడటం మానేశాడు. ఒకే దేశంలో, గంట దూరంలో ఉంటూ నాలుగేళ్లు ఒక్క మాట లేదు.

జరిగింది వేరు. ఇద్దరూ కలిసే లేచారు, కలిసే వాకిట్లోకి వచ్చారు. మోకాటి లోతు నీళ్లు. రోడ్డు మీద పోదాం వదినా అని చిట్టి ఏడ్చింది. రోడ్డు దూరం, కట్ట దగ్గర, కట్ట మీద పడి గుట్టకు పో, నేను వెనకాలే వస్తా అని మద్దమ్మే చెప్పింది. చెప్పి తాను ఇంట్లోకి తిరిగింది.

ఈ మాట తెలుగులో ఎవరికీ చెప్పలేదు. తెలుగులో ఆ కథకు ఒక దారి పడిపోయింది. నోరు తెరిస్తే చాలు, నేను లేచేసరికే అనే మాట దానంతటదే వచ్చేస్తుంది. అరబీలో అట్లాంటి దారి ఏదీ పడలేదు. ఉన్న నాలుగు మాటలూ వంటింటివీ బజారువీ. వాటితో అబద్ధం అల్లడం రాదు. అందుకని ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది. నీళ్ల చప్పుడు, చింతచెట్టు, కట్ట, కట్ట మీద చిట్టి.

"అనా దజ్జేత్ చిట్టి," అంది మద్దమ్మ. నేనే చిట్టిని పంపాను అని. అంటూ అరచెయ్యి ముందుకు చాపి, గాలిలో ఎవరి వీపునో తాకినట్టు చూపించింది. "ఖలాస్." అంతే, అయిపోయింది అని.

దజ్ అనేది కువైట్‌లో ఆమె మొదటి వారంలోనే నేర్చుకున్న మాట. మెసేజి దజ్జు, సామాను దజ్జు, డ్రైవరును బజారుకు దజ్జు. పంపడం అంటే అదే. ఇంకే అర్థమైనా ఉంటుందని పదకొండేళ్లలో ఆమెకు తట్టలేదు.

గనీమా పెన్సిలు కింద పెట్టి చాలాసేపు ఆమెను చూసింది. మద్దమ్మకు అప్పుడు గానీ తెలియలేదు, తన చెంపలు తడిసి ఉన్నాయని. ఇక గుడ్డ పట్టుకోనక్కర్లేదు, కిందికి వెళ్లమంది గనీమా. మర్నాటి నుంచి ఆ గది తలుపు లోపల గడియ పడింది. మూడు నెలలు ఎవరినీ రానివ్వలేదు.

నవంబరు మొదట్లో బొమ్మ కిందికి దిగింది. కువైట్ సిటీలో ఒక హాలులో గనీమా బొమ్మలు ప్రదర్శనకు పెడుతున్నారు, దానికి ముందు మిర్కాబ్‌లో ఫ్రేము కట్టించాలి. మోయడానికి ఇంటి డ్రైవరు సైఫుల్లా ఒక పక్క, మద్దమ్మ ఒక పక్క పట్టారు. సైఫుల్లాది రాయచోటి. యాభై దాటిన మనిషి, ఎవరినీ ఊరికే వదిలిపెట్టడు. కింద ఇంటి హాల్లో గోడకు ఆనించగానే గనీమా పైనున్న దుప్పటి లాగేసింది.

ఎనిమిదడుగుల వెడల్పు ఉంటుంది. సగం పైన ఆకాశమే, కాలిన పెనం అడుగులాగా. దాన్ని పైనుంచి కింది దాకా చీల్చిన మెరుపు. అటూ ఇటూ కొండలు, అవి తమ ఊరి దిక్కు పాలకొండలు కావు, వాటికన్నా పదింతలు ఎత్తు. నడుమ నీళ్లు. నీళ్లు అక్కడ పారడం లేదు, లేచి నిలబడి ఉన్నాయి, ఇంటి కప్పుల మీదికి వంగి చూస్తున్నట్టు. రంగు తప్పు అని మద్దమ్మకు మొదట తోచింది. ఆకుపచ్చగా వేసింది, వచ్చింది ఎర్రనీళ్లు కదా. ఆ తర్వాత కింద ఎడమ మూలన చింతచెట్టు కనిపించింది. దాని పక్క నుంచి సన్నగా కట్ట. కట్ట మీద చీమలంత ఇద్దరు ఆడమనుషులు. ఒకరి పైట గాలికి ఎగురుతూ ఉంది, ఆ మడతలు మద్దమ్మ పట్టుకున్న నల్లగుడ్డవే. ఇంకొకరు వెనక నిలబడి రెండు చేతులూ ముందున్న మనిషి వీపు మీద ఆనించి ఉన్నారు. ముందున్న మనిషి కాళ్లు అప్పటికే కట్ట విడిచాయి.

అంత పెద్ద బొమ్మలో కన్ను చివరికి అక్కడికే పోయేట్టు వేసింది ఆ పిల్ల. మామా మాషాల్లా, మాషాల్లా అంటూ దగ్గరికి వెళ్లి ఆ ఇద్దరినీ చూసి మెల్లగా వెనక్కి జరిగింది.

సైఫుల్లా చిన్నప్పుడు అరబీ బడికి పోయినవాడు. బొమ్మ వెనక అంటించిన చీటీ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"దజ్జత్‌హా అని పేరు పెట్టిందక్కా."

పంపింది అని కదా అని మద్దమ్మ తెలుగులో అడిగింది. సైఫుల్లా బొమ్మను ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు.

"పంపింది అనీ అవుతాది, తోసింది అనీ అవుతాది. వీళ్లకు రెండింటికీ ఒకటే మాట. ఈడ మాత్రం తోసింది అనే. కండ్లు లేవా నీకు?" ఆగి, గొంతు తగ్గించాడు. "ఈ చింతచెట్టూ కట్టా ఏ ఊరివో నాకు తెలీదనుకున్నావా?"

ఆ సాయంత్రం మద్దమ్మ మేడ ఎక్కి తలుపు తట్టింది. ఆరేళ్లలో పిలవకుండా ఆ గదికి పోవడం అదే మొదలు. తెలిసిన మాటలన్నీ కూడగట్టుకుని చెప్పింది, తాను తోయలేదని, పంపిందని. కట్ట తెగుతుందని తెలియక పంపిందని. ఆ చేతులు తుడిచెయ్యమని, పేరు మార్చమని. గనీమా కుంచె కడుక్కుంటూ వింది. అట్లయితే తర్రష్ అనాల్సింది, పంపడానికి ఆ మాట ఉంది కదా అంది. తప్పు నీ భాషదే అన్నట్టు. చేతులు తీసేస్తే అది ఉత్త నీళ్లు, అట్లాంటివి వందమంది వేశారు, ఆ ఇద్దరి వల్లే అది బొమ్మ అంది. అందులో నీ పేరు లేదు, నీ ముఖం లేదు, చీమంత మనిషి ఎవరైతేనేం అంది. తర్వాత తువ్వాలు పక్కన పెట్టి, కోపం ఏమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"పంపడమే అయితే మరి అంతగా ఎందుకు ఏడ్చావు?"

మద్దమ్మ తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున మామా వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది. నా కూతురి పనిలో నోరు పెట్టొద్దని చెప్పింది. నోరు లేనిదానివనే ఆరేళ్లు ఉంచుకున్నాను, నోరు వస్తే మక్తబ్‌కు పంపేస్తా అంది. మక్తబ్ అంటే మనుషులను తెచ్చే ఆఫీసు. అక్కడికి తిరిగి పోయిన ఆడవాళ్లు ఏ ఇంట్లో పడతారో ఎవరికీ తెలియదు. పంపేస్తా అనడానికి మామా వాడిన మాట కూడా అదే. దజ్.

మిర్కాబ్‌లో ఫ్రేములు కట్టే కొట్లో పనిచేసే గంగాధరది కూడా రాయచోటి దిక్కే. అద్దం తుడుస్తూ చింతచెట్టును చూశాడో, సైఫుల్లా చెబితే చూశాడో, ఫోన్లో ఫొటో తీసి తమ జిల్లావాళ్ల గ్రూపులో పెట్టాడు. ఇది మన ఏరే, ఈ కథ చెప్పింది మన మనిషే అని కింద రాశాడు. రెండు రోజుల్లో ఆ ఫొటో ఫర్వానియాలో, జహ్రాలో, మంగఫ్‌లో తిరిగింది. రమాదేవి అనే ఒక ఆవిడ, రెండిళ్ల అవతల పనిచేసే మనిషి, చెత్త వేయడానికి వచ్చినప్పుడు రోజూ ఆగి పలకరించేది. ఇప్పుడు మద్దమ్మను చూసి డబ్బా మూత వేసి లోపలికి పోయింది. సైఫుల్లా సామాను దించుతూ, పెద్ద హాలుకెక్కినావు, ఇంగ మాతో ఏం మాట్లాడతావులే అని ఎత్తిపొడిచాడు.

బుధవారం మునీంద్ర దగ్గర్నుంచి గొంతు మెసేజి వచ్చింది. నాలుగేళ్లకు మొదటి మాట. మద్దమ్మ స్నానాలగదిలో నల్లా తిప్పి, ఫోను చెవికి ఆనించుకుని వింది.

"శుక్రవారం మంగఫ్‌కు రా. నువ్వు రాకుంటే నేనే ఆ ఇంటి గేటు కాడికొస్తా."

గేటు దగ్గరికి మగవాడు వస్తే మామా ఆ రాత్రే మక్తబ్‌కు ఫోను చేస్తుంది. మద్దమ్మకు అది తెలుసు, మునీంద్రకూ తెలుసు.

రెండు రోజులు ఆమె జవాబు తయారు చేసుకుంది. కూరగాయలు తరుగుతూ, ఇస్త్రీ చేస్తూ లోలోపలే చెప్పుకుంది. ఆ పిల్ల పిచ్చిది, తుఫానుల పిచ్చి, ఏదో ఊహించుకుని వేసింది. నేను మా ఊళ్లో ఏరు పొంగింది అన్నా, అంతే. తోశానన్న నింద పోవడానికి ఇది చాలు. చాలదని కూడా ఆమెకు తెలుసు. నేను తోయలేదు, పంపాను అంటే తోయడం పోతుంది, నేను లేచేసరికే చిట్టి లేదన్న మాట కూడా దాంతోనే పోతుంది. ఒక అబద్ధం కింద పడకుండా ఆపాలంటే ఇంకో అబద్ధం పెట్టాలి. కాదంటే రెండూ వదిలేయాలి.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలసేపు ఆమెను బయటికి పోనిస్తారు. ఆరింటికల్లా చుట్టాలు వస్తారని మామా గుర్తు చేసింది. బస్సులో ఆడవాళ్ల సీట్లో కూర్చుని కిటికీ వైపు తిరిగింది. రోడ్డుకు రెండు పక్కలా బూడిద రంగు నేల, వరసగా కరెంటు స్తంభాలు, దూరాన ఆయిలు మంటలు. ఎక్కడా ఒక చెట్టు అడ్డం రాదు. మంగఫ్‌లో దిగేసరికి మునీంద్ర వాళ్ల బిల్డింగు కింద, కిరాణా కొట్టు ముందర నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. గడ్డం నెరిసింది. చుట్టూ లుంగీలతో, బనియన్లతో పదిమంది మగవాళ్లు, అందరూ ఆ దిక్కువాళ్లే. ఆమెను చూడగానే మాటలు ఆపారు. ఎవరూ జరగలేదు, ఎవరూ కూర్చోమనలేదు. ఒకడు మాత్రం ఈమేనా అని పక్కవాణ్ని అడిగాడు. చిన్న గొంతుతో కాదు, ఆమెకు వినబడేట్టే.

మునీంద్ర ఆమెను కొట్టు పక్క సందులోకి తీసుకుపోయాడు. సందు ఎండలోనే ఉంది. ఏసీల నుంచి కారిన నీళ్లు గోడ పక్కన మడుగు కట్టి ఉన్నాయి. ఫోను తీసి ఆ బొమ్మను వేళ్లతో పెద్దది చేశాడు. కొండలు పక్కకు పోయాయి, ఆకాశం పోయింది, ఇద్దరు ఆడమనుషులు అద్దం నిండా వచ్చారు.

"ఈ పిల్ల సొంతంగా అల్లుకునిందని చెప్పక్కా," అన్నాడు. "చెప్పు. నమ్ముతా."

రెండు రోజులు ఆమె తయారు చేసుకున్న మాటనే అతను చేతికి ఇస్తున్నాడు. తీసుకుంటే సరిపోయేది.

"అల్లుకునిందే," అంది.

"అయితే కట్ట ఎట్లొచ్చె?"

మద్దమ్మ గోడ పక్క నీళ్ల మడుగు వైపు చూసింది.

"నువ్వు లేచేతలికే చిట్టి ల్యాదంటివి. యాడికి పోయిందో తెలీదంటివి. కట్ట మీద పోయిందని ఈ దేశంలో పుట్టిన పిల్లకు ఎవరు చెప్పిరి? మూడు దినాలు నేను వీడియోలో అడుగుతాంటి, రోడ్డు పక్క ఎతికినారా, గుట్ట పక్క ఎతికినారా అని. కట్ట కింద ఎతకండని ఒక్కరన్నా చెప్పిరా? నీకు తెలుసునే."

అది అతను ఇంతకు ముందు అనుకున్న మాట కాదు. అంటూ అంటూ ఉండగానే అతనికి తోచిన మాట. మద్దమ్మకు కూడా అప్పుడే తోచింది. చిట్టి ఎటు పోయిందో ఆ మూడు రోజులూ తెలిసిన మనిషి తానొక్కతే. చెప్పి ఉంటే మొదటి రోజే వెతికేవాళ్లు. బతికి ఉండేది కాదేమో. అయినా మూడు రోజులు ఇసుకలో ఉండేది కాదు.

"కలిసే లేచినాం," అంది మద్దమ్మ. "రోడ్డు మీద పోదాం అనె. నేనే కట్ట మీద పొమ్మంటి. దగ్గరని."

"నువ్వెందుకు పోల్యా?"

ఇది గనీమాకు కూడా చెప్పలేదు. ఇంట్లో పని ఉండి తిరిగా అనే చెప్పింది.

"పాసుపోర్టు పెట్టెలో ఉండె. అది తడిచ్చే ఇంగ ఈడికి రాలేనని లోపలికి పోతి. పెట్టె తాళం ఎంతకూ రాకపాయె. పాసుపోర్టు తీసుకుని బయటికొచ్చేతలికి కట్ట ల్యా. మిద్దెక్కినా."

మునీంద్ర గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కొట్టు ముందర మగవాళ్లలో ఒకడు సందులోకి తొంగిచూసి, యల్లా మునీంద్రా, బస్సు టైమాయె అన్నాడు. రాత్రి షిఫ్టుకు కంపెనీ బస్సు వచ్చి రోడ్డు మీద ఆగి ఉంది. మునీంద్ర అటు చూడలేదు.

"చెయ్యి ఏసినావా?" అని అడిగాడు. "ఈ బొమ్మలో మాదిరి. దాని మీద చెయ్యి ఏసినావా, ల్యాదా?"

మద్దమ్మకు ఆ తడి రవికె గుర్తొచ్చింది. చిట్టి కదలకుండా నిలబడి ఏడుస్తుంటే, పో పో అంటూ వీపు మీద చెయ్యి పెట్టి కట్ట వైపు తిప్పింది. తొందరలో ఎవరినైనా అట్లాగే తిప్పుతారు. తన లోపల ఉన్నది తొందర మాత్రమే. చిట్టి గురించి కూడా కాదు, పెట్టె గురించి.

"ఏసినా," అంది. "తోసేదానికి కాదు. పొమ్మని."

అతను ఫోను అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. బొమ్మ ఇంకా అక్కడే ఉంది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"సరిగ్గానే ఏసిందిలే ఆ పిల్ల," అన్నాడు.

ఇంకేమైనా అంటాడని ఆమె నిలబడింది. తిడతాడని, కొడతాడని కూడా అనుకుంది. కొట్టి ఉంటే చేతులు అడ్డం పెట్టేది కాదు. అతను సందులోంచి నడిచి, మగవాళ్ల నడుమ నుంచి పోయి కంపెనీ బస్సు ఎక్కాడు. కిటికీ పక్కనే కూర్చున్నాడు గానీ ఇటు తిరగలేదు. మగవాళ్లు ఆమె దాటిపోయేదాకా చూశారు. వాళ్లలో ఎవరికీ ఏం జరిగిందో చెప్పకుండానే పోయాడు అతను, ఇక ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటారు.

బస్టాపులో నీడ లేదు. మద్దమ్మ కొంగు తల మీదికి లాక్కుని ఇంటికి ఫోను చేసింది. మునీంద్ర చెప్పమనలేదు. కానీ అతను చెబుతాడు. తన నోటి నుంచి కాకుండా ఇంకో నోటి నుంచి పోతే ఆ మాట ఏ రూపంలో ఊరు చేరుతుందో ఈ వారంలో ఆమె చూసేసింది. భీమరాజు ఎత్తాడు. అత్తకు ఇవ్వమంది. అత్త ఫోను తీసుకుని, ఏం మే బాగుండావా, ఆడ ఎండ తగ్గిందా అని ఎప్పుడూ అడిగేదే అడిగింది. కువైట్‌లో ఎండ ఎప్పుడూ తగ్గదని ఆమె గట్టి నమ్మకం.

మద్దమ్మ చెప్పింది. ఈసారి మాటలు వెతుక్కోలేదు. కలిసి లేచింది, రోడ్డు వద్దంది, కట్ట మీద పంపింది, వీపు మీద చెయ్యి వేసింది, పెట్టె కోసం లోపలికి పోయింది, మూడు రోజులు నోరు మూసుకుంది. వరసగా అన్నీ చెప్పింది. అవతల నుంచి కుక్క అరుపు, ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించాయి. అత్త ఎక్కడా అడ్డం రాలేదు.

"అట్లయితే," అంది అత్త చివరికి, "ఈ నాలుగేండ్లూ మేం తింటాండేది ఆ పాసుపోర్టు కూడేనా?"

ఫోను ఆగిపోయింది.

మద్దమ్మ మళ్లీ చేసింది. మోగింది, ఎత్తలేదు. మూడోసారి కూడా ఎత్తలేదు. బస్సు వచ్చింది. డ్రైవరు యల్లా యల్లా అని గదమాయించాడు. ఆడవాళ్ల సీట్లలో ముగ్గురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి కాళ్లు కూడా ముడవలేదు. కమ్మీ పట్టుకుని నిలబడింది. ఐదు గంటలవుతోంది. వంటింట్లో మాంసం ఇంకా ఫ్రిజ్‌లోంచి తీయలేదు.

ఫాహహీల్ రోడ్డు ఎక్కినాక ఫోను మోగింది. భీమరాజు.

"అమ్మ చెప్పింది," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, ఇంకేమీ కూడా లేదు. "ఈ తూరి సెలవుకు ఇంటికి రాబాకు."

ఆమె సరే అంది. బస్సు ఊగింది. ముందున్న మగవాడి భుజం తగిలితే అతను విసుగ్గా దులుపుకున్నాడు.

"మళ్ల ఎప్పుడు రావల్ల?" అని అడిగింది.

భీమరాజు ఫోను పెట్టేయలేదు. అవతల ఊపిరి వినబడుతూ ఉంది. వెనకాల ఎక్కడో లోపలి గదిలో అత్త ఏడుస్తున్న చప్పుడు, నాలుగేళ్ల కింద ఏడ్చినట్టే, చిట్టి పేరు పెట్టి. మద్దమ్మ ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో ఫోను పట్టుకుని నిలబడింది. ఆమె దిగాల్సిన చోటు వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ పెట్టేయలేదు.